శుభ్రమైన ట్రాకు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో మూడో అంతస్తులో ఉన్న ఒక పడకగదిని ఈ కాలంలో స్టూడియో అంటారట. గోడలకు నల్లటి స్పాంజి ముక్కలు అతికించి, మూలన రంగులు మారే దీపం ఒకటి పెట్టి, మంచాన్ని హాల్లోకి నెట్టేస్తే చాలు, స్టూడియో అయిపోతుంది. పాడే మనిషి నిలబడటానికి చోటుండదు గానీ కుర్చీ మాత్రం విమానం నడిపేవాడి కుర్చీలా ఉంటుంది. ఆ కుర్చీలో చేరగిలబడిన వరుణ్ అనే కుర్రాడు వారమంతా కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తాడు, ఆదివారం మాత్రం మ్యూజిక్ ప్రొడ్యూసరు. మా సరోజక్క కూతురు సుధ ఆఫీసులోనే అతనూ ఉంటాడు. సరోజక్క పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు నలుగురూ కూర్చుని వినడానికి అక్క చిన్నప్పటి పాట ఒకటి బాగుచేయిస్తున్నానని చెప్పి సుధ నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. అక్క బీరువాలో పట్టుచీరల అడుగున ఒక టేపు చుట్ట దొరికిందనీ, దాన్ని ఎక్కడో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించిందనీ నాకు ఆటోలోనే చెప్పింది.

"ఏ ప్లేట్ పెట్టమంటారు ఆంటీ?" అన్నాడు వరుణ్. దర్శిని హోటల్లో టిఫిన్ కూపన్లు చించేవాడు కూడా ఇంతకంటే శ్రద్ధగా అడుగుతాడు. తెర మీద జాబితా తెరిచాడు. అందులో పాతకాలపు ప్లేటు, చీకటి ప్లేటు, బంగారు ప్లేటు, స్వర్గపు ప్లేటు అని ఇంగ్లీషు పేర్లతో ఒక బారెడు ప్లేట్లున్నాయి. పట్టుచీరల కొట్లో కూడా ఇన్ని పేర్లు పెట్టరు. ఒక్కొక్కటీ నొక్కి అక్క గొంతు వినిపించాడు. ఒకదాంట్లో అక్క బావిలో పడి పాడుతున్నట్టుంది, ఇంకోదాంట్లో కల్యాణమంటపం బాత్రూములో పాడుతున్నట్టుంది. స్వర్గపు ప్లేటులో ఒక మాట అంటే దాని తోక పోయేలోపు రెండో మాట వచ్చి మీద పడుతోంది. "డికే కొంచెం లాంగ్ పెట్టా ఆంటీ, ఎమోషనల్‌గా ఉంటదని," అన్నాడు. డికే అంటే తోక ఎంతసేపు మోగాలో చెప్పే మీట. దుఃఖం ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చన్నమాట.

"నాయనా, ప్లేటంటే ఏమిటో నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు ఆంటీ. ఓల్డ్ టైమ్స్‌లో పెద్ద స్టీల్ షీట్ ఉండేది కదా, దాని సిమ్యులేషన్."

"ఎప్పుడైనా చూశావా?"

"ఫోటోస్ చూశాను."

నేను చూశాను. దాన్ని తాకాను కూడా, అందుకు చీవాట్లు తిన్నాను. ఈ కుర్రాడి మీద ఒంటికాలి మీద లేచేదాన్నే గానీ, నిజం చెప్పాలంటే ఆ కాలం వాళ్ళు ఇతని కంటే తెలివైనవాళ్ళని నేను ఒప్పుకోను. ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఆ రోజుల్లోనూ మనుషులు ఇంతే డాబుసరిగా, ఇంతే గుడ్డిగా ఉండేవాళ్ళు. సామాను మాత్రం బరువుగా ఉండేది.

మా ఇల్లు బళేపేటలో. కింద గాజుల అంగడి, పైన మేము. పొద్దున తలుపు తీయగానే పెట్టెల్లోని వరిగడ్డి వాసన, లక్క వాసన, పాత పేపర్ల వాసన, వాటి మీదుగా పైనుంచి దిగొచ్చే కాఫీ వాసన. ఈ నాలుగూ కలిస్తేనే మాకు తెల్లవారినట్టు. గడ్డిలోంచి గాజుల సరాలు తీసి, తడిగుడ్డతో తుడిచి, రంగుల వారీగా కొయ్యలకు ఎక్కించడం అక్కదీ నాదీ పని. బడికి వెళ్ళేముందు అది పూర్తికావాలి. ఆ ఇంట్లో గాజు పగిలిందని అనకూడదు, చిట్లిందనాలి. గాజులు తీసెయ్ అనే మాట అసలే వినిపించకూడదు, మార్చుకో అనాలి. అంగడికి వచ్చిన ఏ పెళ్ళికూతురి తల్లైనా నోరు జారి "ఈ పాతవి తీసేయండి" అంటే మా పెద్దమ్మ ఆమెను అందరి ముందూ దులిపేసేది.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. పేరుకు అంగడి పెదనాన్నది, మా నాయన లెక్కలు చూసేవాడు, కానీ ఇద్దరూ పెద్దమ్మ కనుసన్నల్లో బతికినవాళ్ళే. మా అమ్మ వంటింటి గడప ఇవతలికి మాట రానిచ్చేది కాదు. పెద్దమ్మ రెండు చేతులకూ మోచేతి దాకా మట్టిగాజులు. అంగడికి వేరే బోర్డు అక్కర్లేదనేవాళ్ళు. ఎదుటి ఆడమనిషి చేతిని ఒకసారి నొక్కి చూసి, సబ్బునీళ్ళు రాసి, మాటల్లో పెట్టి, ఆమె అబ్బా అనేలోపు గాజు ఎక్కించేసేది. ఆమె మెట్లెక్కుతుంటే ముందు గాజులు వచ్చేవి, తర్వాత తిట్లు వచ్చేవి, ఆ తర్వాత ఆమె వచ్చేది. మేం సర్దుకోవడానికి ఆ మాత్రం వ్యవధి చాలేది. ఆమెకు ఉక్క తట్టుకోలేని గుణం ఉండేది. కరెంటు ఫ్యాను గాలి ఒళ్ళు నొప్పులు తెస్తుందని తాటాకు విసనకర్ర ఒకటి ఎక్కడికి పోయినా చంకలో పెట్టుకు పోయేది. కూర్చుంటే విసురుకోవడమే. విసురు విసురుకూ గాజులు. ఆ చప్పుడు మాకు ఎంత అలవాటంటే, అది ఆగితేనే ఏమైందని తలెత్తి చూసేవాళ్ళం.

పాటంటే ఆమెకు పడేది కాదు. పడదని మేం అనుకునేవాళ్ళం, అనుకునేలా ఆమే చేసింది. అక్క గాజులు తుడుస్తూ పాడుకునేది. రామనవమి పందిళ్ళలో విన్న కీర్తనలు, రేడియోలో వచ్చినవి, ఏవి పడితే అవి. "ఏమే, పొద్దున్నే ఆ కూతలు? బేరం వచ్చేది కూడా ఎనక్కి పోతాది," అని పెద్దమ్మ కింద నుంచి అరిచేది. అరుస్తుందే గానీ ఎన్నడూ మెట్లెక్కి వచ్చి ఆపించలేదు. దాన్ని నేను బద్ధకం కింద జమకట్టాను. నేనూ పాడేదాన్ని. నా గొంతు అక్క గొంతు కంటే పైకి పోతుందని నాకు అప్పటికే తెలుసు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టకపోవడం నాకు మంటగా ఉండేది.

గాంధీనగర్ సందుల్లో ఒక రికార్డింగు స్టూడియో ఉండేది. దాని ప్రొప్రైటరు పెళ్ళాం శ్రీమంతానికి గాజులు కొనడానికి మా అంగడికి వచ్చి, పై నుంచి అక్క పాట విని, అక్కడే నిలబడిపోయాడు. కోరస్‌కు ఆడపిల్లలు కావాలని, మంచి కుటుంబాల పిల్లలే వస్తారని, కారు పంపుతానని చేతులు నలుపుకుంటూ అడిగాడు. పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె ఇంటికప్పు ఎగిరిపోయేలా కేకలు వేస్తుందని మేం చెవులు మూసుకోబోయాం. ఆమె మాత్రం విసనకర్ర ఆపకుండానే, "ఇద్దర్నీ పంపల్లంటే నేనూ కూడా వస్తానప్పా. ఆడబిడ్డల్ని సుమ్నె ఊరికే ఎవురెంబడో పంపేదానికి మాకేం తల తిరగలేదు," అంది. పెళ్ళిళ్ళ కాలంలో జ్వరమొచ్చినా గల్లా దగ్గర నుంచి లేవని మనిషి, ఆ ఏడాది రికార్డింగు ఉన్న రోజుల్లో మధ్యాహ్నాలు అంగడి పెదనాన్నకు వదిలేసి మాతో బయల్దేరేది. కాపలా అంటే ఇంత పిచ్చా అని మేం ముఖముఖాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. కారు ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత ప్రొప్రైటరు ప్లేటు ఫిరాయించాడు, మేం ముగ్గురం ఎండలో నడిచిపోయేవాళ్ళం.

ఆ స్టూడియో గురించి ఇప్పుడు పేపర్లలో ఎవరెవరో కన్నీళ్ళు కారుస్తూ రాస్తుంటారు. అదొక దేవాలయమట. నాకు గుర్తున్నది చెమ్మ పట్టిన తివాచీ కంపు, ఆ కంపును చంపడానికి వెలిగించిన ఊదుబత్తుల కంపు, రికార్డిస్టు రంగనాథం సిగరెట్ల కంపు. రంగనాథం సఫారీ సూటు వేసుకుని గాజు అద్దం వెనక కూర్చునేవాడు. తాను మద్రాసులో పెద్దపెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకున్నానని రోజుకొకసారైనా చెప్పకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు. ఆయన ఆరాధ్యదైవం వెనక గదిలో ఉండే ప్లేటు. తలుపంత ఉక్కు రేకును నాలుగు మూలలా స్ప్రింగులతో ఇనుప చట్రానికి బిగించి, చెక్కపెట్టెలో నిలబెట్టారు. పాడేవాళ్ళ గొంతును తీగల మీదుగా ఆ రేకు దాకా పంపితే రేకు సన్నగా వణుకుతుంది, దగ్గర కూర్చుంటే పాట అందులోంచే వినిపిస్తుంది. ఆ వణుకును మళ్ళీ పట్టి తెచ్చి పాటలో కలుపుతారు. బక్క గొంతుకు కూడా గుడి మంటపంలో పాడినంత నిండుతనం వస్తుంది. ప్రొప్రైటరు దాన్ని ఎక్కడో మూతపడిన స్టూడియో నుంచి కొనుక్కొచ్చాడు. రంగనాథం ప్రతి శుక్రవారం దానికి కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించేవాడు. అది ఎలా పనిచేస్తుందో మాత్రం ఆయనకు తెలిసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. పాడింది ఎవరైనా సరే, బాగుంటే ప్లేటు మహిమ, బాగా లేకపోతే పాడినదాని ఖర్మ.

పెద్దమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మొదటి రోజే పెద్ద గలాటా అయింది. పాడే గదిలో కూర్చుంటే గాజుల చప్పుడు. బయట వరండాలో వాయిద్యాల మగవాళ్ళు బీడీలు కాలుస్తుంటారు. చివరికి ప్రొప్రైటరే ఆమెను ప్లేటు గదిలోకి తీసుకుపోయి చాప వేయించాడు. రంగనాథం మొహం మాడ్చుకుని, "పెట్టె లోపల చెయ్యి పెట్టొద్దమ్మా," అన్నాడు. "నీ రేకును నేనేమన్నా ఎత్తుకోని పోతానాప్పా? గాజులకు పనికొచ్చేది కాదు అది," అంది పెద్దమ్మ. గోడలకు చెమ్మ కాబట్టి ఆ చెక్కపెట్టెకే వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. చల్లగా, చీకటిగా ఉండే ఆ గది ఆమెకు నచ్చింది. రంగనాథానికి పెద్ద అభ్యంతరం లేదు. ఆ రేకుకు తాను తీగల మీదుగా పంపించిన గొంతు తప్ప ఈ లోకంలో మరేదీ వినపడదని ఆయన నమ్మకం.

కోరస్ పాడినన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు దొడ్డబళ్ళాపురం నుంచి ఒక పట్టువ్యాపారి వచ్చాడు. మగ్గాలవాళ్ళు పాడుకునే పాటను రికార్డుగా వేయించి తన కొట్టుకు వచ్చే పెళ్ళివారికి పంచిపెట్టాలని ఆయన ముచ్చట. తెలుగు పాట, ఒక్కరే పాడాలి. ప్రొప్రైటరు అక్కను ముందుకు తోశాడు. అక్కకు అప్పటికి పదహారు నిండాయో లేదో. ముందురోజు సాయంత్రమంతా మేడ మీద అదే పాట పాడుకుంటూ తిరిగింది. పెద్దమ్మ మామూలుగానే తిట్టింది. తిడుతూనే కింద అంగడి దీపం పెట్టడం మరిచిపోయి పెదనాన్న చేత మాటపడింది.

అక్క పల్లవి పాడగానే రంగనాథం చెయ్యెత్తి ఆపించాడు. గాజుల చప్పుడు వస్తోందట. అక్క చేతులు కట్టుకుని పాడింది. మళ్ళీ చప్పుడు. చేతులు వెనక్కి పెట్టుకుని పాడింది. మళ్ళీ చప్పుడు. రంగనాథం అద్దం అవతల నుంచి మైకులో, వరండాలో మగవాళ్ళందరికీ వినిపించేలా, "గాజులోళ్ళ పిల్లవని అందరికీ తెలుసు గానీ, అవి తీసెయ్యమ్మా," అన్నాడు.

తీసెయ్ అన్నాడు. అక్క నా వైపు చూసింది. మా ఇంట్లో అనకూడని ఆ మాట ఒక పరాయి మగవాడు మైకులో అన్నాడు. తర్వాత అక్క కుళాయి దగ్గరికి పోయి, సబ్బు రుద్దుకుని, గాజులన్నీ జేబురుమాల్లో మూటకట్టి నా చేతికిచ్చింది. ఆ బోసి చేతులను కొంగు కింద దాచుకుని మైకు ముందు నిలబడి, ఈసారి చరణం చివరిదాకా పాడింది. మళ్ళీ చప్పుడు వచ్చింది. రంగనాథం ఆమె కమ్మలు తీయించాడు, కాళ్ళ పట్టీలు తీయించాడు, జడకుప్పెలు తీయించాడు. పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చిన పిల్లను, చూడలేనట్టు చేసి నిలబెట్టాడు. అయినా చప్పుడు పోలేదు. "నేను చెయ్యి కదపలేదు సార్," అని అక్క అంటూనే ఉంది. "మరి నేను కదిపానా?" అన్నాడాయన. వాయిద్యాలవాళ్ళు నవ్వారు. పట్టువ్యాపారి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు ప్రొప్రైటరు రెండోసారి ప్లేటు ఫిరాయించాడు. "చిన్నపాప పాడగలదా?" అన్నాడు. నాకు పాట వచ్చు. ముందురోజు సాయంత్రమంతా వింటూనే ఉన్నాను కదా. నా గాజులు నా చేతికే ఉన్నాయి, ఎవరూ తీయమనలేదు. పాడాను. ఒక్క సారికే అయిపోయింది. రంగనాథం అద్దం వెనక నుంచి బయటికి వచ్చి నా తల నిమిరి, "ఇదీ శుభ్రమైన ట్రాకంటే. గాజులున్నా చప్పుడు లేదు. నిలకడ అంటే ఇది," అన్నాడు. అక్క వింటుండగానే అన్నాడు. రికార్డు నా గొంతుతోనే వచ్చింది. ఆ తర్వాత నాకు రేడియో, ప్రకటనలు, కచేరీలు, పాఠాలు చెప్పుకునే బతుకు, ఇవాళ నలుగురూ అమ్మా అని నమస్కారం పెట్టే మర్యాద, అన్నీ ఆ శుభ్రమైన ట్రాకు నుంచే మొదలయ్యాయి.

పెద్దమ్మ వెనక గదిలోంచి వచ్చేసరికి అక్క బోసి చేతులతో బెంచీ మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ ముఖం అలా మారడం నేను మళ్ళీ చూడలేదు. "ఎవుడప్పా ఆడబిడ్డ చేతులు బోసి చేసింది?" అంది. రంగనాథం ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. అక్క చేతులు పట్టుకుని, తన చేతి గాజులే ఊడదీసి, సబ్బూ నీళ్ళూ లేకుండానే, అక్క కెవ్వుమంటున్నా వినకుండా ఎక్కించింది. "చాలప్పా మీ పాట. దీన్ని ఇంగ ఈ గడప తొక్కనీను," అంది. మాట మీద నిలబడింది కూడా. అక్క మళ్ళీ అక్కడికి పోలేదు. నాకు తోడుగా మా నాయన రావడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఆ తర్వాత ఒక్కరోజు కూడా స్టూడియో వైపు తొంగి చూడలేదు. ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉండి, సందు దొరగ్గానే అక్క పాట మాన్పించిందని నేను ఆమెను ఆమె పోయేదాకా క్షమించలేదు. సంతాపం నాడు కూడా ఇష్టంగా ఒక మాట మాట్లాడలేకపోయాను.

అక్కకు దొడ్డబళ్ళాపురంలోనే సంబంధం కుదిరింది, మగ్గాలవాళ్ళ ఇల్లు. పొద్దున లేచింది మొదలు మగ్గాల మోత, అక్కడ గొంతెత్తి పాడినా పక్కనున్నవాడికి వినపడదు. పెళ్ళికి ప్రొప్రైటరు వచ్చి, ఏం ఇవ్వాలో తోచక, ఆ రోజు టేపు చుట్టనే కాగితంలో చుట్టి ఇచ్చిపోయాడు. అందులో అక్క పాడిందీ ఉంది, నేను పాడిందీ ఉంది. దాన్ని మోగించే యంత్రం ఊరి మొత్తంలో లేని ఇంటికి కొత్త పెళ్ళికూతురు ఆ చుట్ట పట్టుకుపోయింది. అక్క పిల్లలకు జోల కూడా పాడలేదని సుధే చెబుతుంది. నేను పోయినప్పుడల్లా ఏ మాటల మధ్యలోనో, "నేను చెయ్యి కదపలేదే, నువ్వన్నా నమ్ముతావా?" అనేది. నమ్ముతానక్కా అనేదాన్ని. చప్పుడు వచ్చిన మాట మాత్రం, రంగనాథం టేపు తిప్పి వినిపించినప్పుడు, నా చెవులతో విన్నదే. మరి ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పోయిన ఏడాది ఆస్పత్రిలో కూడా అదే మాట అంది.

ఇదంతా ఆ పడకగది స్టూడియోలో స్వర్గపు ప్లేటు వింటూ నా మనసులో తిరిగింది. వరుణ్ ఇంకా జాబితా దిగుతూనే ఉన్నాడు.

"ఈ వంకర ప్లేట్లన్నీ తీసేసి, మొదట్లో టేపులో ఏముందో అది వినిపించు," అన్నాను విసుగ్గా.

"ఒరిజినల్‌లో ఫోర్ ట్రాక్స్ ఉన్నాయి ఆంటీ. వోకల్ ఒకటి, మృదంగం ఒకటి, వయొలిన్ ఒకటి. ఫోర్త్‌లో ఓల్డ్ ప్లేట్ సౌండ్ సెపరేట్‌గా రికార్డ్ చేశారు. కానీ అది చాలా నాయిసీ ఆంటీ, టింగ్ టింగ్ అని ఏదో వస్తుంది. అందుకే మ్యూట్ చేసేసి మన ప్లగిన్ ప్లేట్ వేస్తున్నా. ఇది సూపర్ క్లీన్."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. "అక్క గొంతు ఒక్కటే పెట్టు. మిగిలినవన్నీ ఆపు."

పెట్టాడు. ఏ ప్లేటూ లేని పచ్చి గొంతు. పదహారేళ్ళ పిల్ల ఊపిరి తీసుకోవడం వినిపించింది, తడారిన పెదవులు విడివడటం వినిపించింది. చప్పుడు లేదు. పల్లవి నుంచి చరణం చివరిదాకా చెవులు రిక్కించి విన్నాను. ఒక్క గాజు లేదు.

"ఇప్పుడు ఆ నాలుగోది ఒక్కటే."

దూరంగా, రేకులో వణుకుతున్న అక్క గొంతు. దాని పక్కనే, స్పష్టంగా, తోకతో సహా, గాజులు.

"ఆ చప్పుడు గొంతు ట్రాకులో ఎందుకు లేదు?" అన్నాను.

"ఎందుకుంటుంది ఆంటీ? అది ప్లేట్ దగ్గర వచ్చిన సౌండ్. ప్లేట్ కూడా ఒక మైక్ లాంటిదే కదా. దాన్ని తాకినా, పక్కన ఏం చేసినా క్యాచ్ చేసేస్తది. అందుకే ఆ రూమ్‌లోకి ఎవ్వర్నీ రానివ్వకూడదు. ఎవరో దానికి ఆనుకుని కూర్చున్నట్టున్నారు."

సఫారీ సూటు వేసుకుని, మద్రాసు పేరు జపం చేసుకుంటూ, ప్రతి శుక్రవారం కర్పూరం వెలిగించిన మహానుభావుడికి ఈ ముక్క తెలియదు. తన దేవుడికి చెవులున్నాయని తెలియక ఒక పిల్ల ఒంటి మీది నగలన్నీ ఒలిపించాడు. ఆదివారం ప్రొడ్యూసరు మాత్రం కాఫీ కప్పు పక్కన పెట్టకుండానే చెప్పేశాడు, తాను ఏం చెప్పాడో తెలియకుండానే. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ తిట్టుకోవాలో నాకు తోచలేదు.

సుధ నా భుజం పట్టుకుంది. "అంటే అమ్మ నిజమే చెప్తా ఉండె కదా చిన్నమ్మా. చెయ్యి కదపలేదు."

"కదపలేదు," అన్నాను. ఆ మాట వినాల్సిన మనిషి ఏడాది కిందటే పోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆ రంగురంగుల దీపం ముందే ఏడ్చాను.

"మరి ఎవరివా గాజులు చిన్నమ్మా?"

చెప్పాను. చెబుతూనే కోపం నషాళానికెక్కింది. అక్క పాట మాన్పించిందీ, ఆ పాటకు గండం తెచ్చిందీ పెద్దమ్మేనన్నమాట. ఆ విసనకర్ర ఒక్క గంట ఆపుకుని ఉంటే చాలేది. "మళ్ళీ పెట్టు," అన్నాను వరుణ్‌తో. ఆమె నిర్లక్ష్యాన్ని ఇంకొకసారి చెవులారా వినాలనిపించింది. "గొంతూ, ఆ రేకూ, మృదంగమూ, మూడూ కలిపి పెట్టు."

ఇన్నేళ్ళుగా పిల్లలకు తాళం చెప్పే పని నాది. చెయ్యి దానంతట అదే తొడ మీదికి పోయింది. ఆది తాళం. దెబ్బ వేసి, వేళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ దెబ్బ. నా దెబ్బ పడినచోట గాజులు మోగాయి. వేళ్ళు లెక్కపెట్టేచోట మోగలేదు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ గాజులు. విసురుకునే చెయ్యి అయితే ఆగకుండా మోగుతుంది. ఇది విసరడం కాదు. చరణం చివర అక్క ఒక అక్షరాన్ని పట్టుకుని, లెక్క దాటి, కొంచెం సాగదీసింది. ఆ సాగదీత ముందురోజు మేడ మీద ఆమె కల్పించుకున్నది, మృదంగం అతనికి కూడా తెలియదు, అతను తడబడి ముందుకు పోయాడు. గాజులు ఆగాయి. అక్క గొంతు దిగివచ్చేదాకా ఆగి, ఆమెతో పాటే మోగాయి.

మెట్ల కింద నుంచి కూతలని అరిచిన మనిషి, పెళ్ళిళ్ళ కాలంలో గల్లా వదిలేసి ఎండలో నడిచొచ్చిన మనిషి, ఆ చీకటి గదిలో పెట్టెకు వీపు ఆనించి, ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో తాళం వేసుకుంటూ కూర్చుంది. తన తాళమే ఆ పిల్ల పాటను మింగేసిందని ఆమెకూ చివరిదాకా తెలియదు. తాను పరవశించిపోయి బయటికి వచ్చేసరికి పిల్ల బోసి చేతులతో బెంచీ మీద ఉంది. అది మాత్రమే ఆమె చూసింది.

"ఈ నాయిస్ రిమూవ్ చేసేయనా ఆంటీ? ఈజీనే," అన్నాడు వరుణ్.

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను," అన్నాను. "ఆ పాత రేకునే పెట్టు. నీ బంగారువీ, స్వర్గపువీ నాకొద్దు."

పెట్టాడు. చాల్లేదు. గాజులు వెనకెక్కడో ఉన్నాయి. పెంచమన్నాను. పెంచాడు. తోక ఇంకొంచెం సాగాలన్నాను. డికే తిప్పాడు. అతని పెట్టెలో డ్యాంపింగ్ అని ఇంకో మీట ఉందట, సన్నటి శబ్దాలను తొందరగా చంపేయడానికి. గాజు శబ్దం సన్నటిదే కదా, చంపొద్దన్నాను. దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పాడు. పల్లవి దగ్గర గాజులు మోగి, ఆ మోత గదంతా నిలిచి, తర్వాతి దెబ్బ దాకా ఉంది. ప్రతిధ్వనుల పిచ్చి అని జీవితమంతా ఈసడించుకున్నదాన్ని, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి అడుగుతూ కూర్చున్నాను.

లేవబోతుండగా సుధ అంది, "నీ పాటా ఇందులోనే ఉండాది కదా చిన్నమ్మా. అది కూడా ఒకసారి విందాం ఉండు."

వద్దనడానికి కారణం తోచలేదు. వరుణ్ టేపు చివరికి పోయి, నాలుగో ట్రాకు ఒక్కటే మోగించాడు. అదే గది, అదే రేకు, పెట్టెకు వీపు ఆనించి అదే పెద్దమ్మ. నా గొంతు పైకి పోయింది, అక్క గొంతు కంటే పైకి. చరణం వచ్చింది, పోయింది. నా చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ప్రతి దెబ్బ దగ్గరా ఒక్క క్షణం ఆగి చూసింది.

"ఇది చూడండి ఆంటీ, పర్ఫెక్ట్ క్లీన్," అన్నాడు వరుణ్ మెచ్చుకోలుగా. "ఎక్కడా ఒక్క సౌండ్ లేదు."

లేదు. నా పాటకు ఒక్క గాజు కూడా కదల్లేదు.